సర్వే కాగితం కాలేజీకి... ఊరికి మిగిలేదేమిటి?

అనంతపురం: వేసవిలో డిగ్రీ విద్యార్థులు కాగితాలు చేతబట్టుకుని పల్లెల్లో ఇంటింటికీ తిరగడం కొన్నేళ్లుగా చూస్తున్నదే. ఇంట్లో ఎందరు, చదువుకున్నవారెందరు, మంచినీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా అని అడిగి రాసుకుంటారు. జనం పని మానుకుని ఓపిగ్గా జవాబు చెబుతారు. ఆ రాతలు చివరకు ఏమయ్యాయో మాత్రం ఊరికి తెలియదు.

రాష్ట్రంలో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఇందులో మొదటి మెట్టు సమాజ సేవా ప్రాజెక్టు. దీనికి 180 గంటలు కేటాయించారు. రోజుకు నాలుగు గంటలు చేసినా 45 రోజుల పని. ఊళ్లో సర్వే జరపడం, ప్రజలకు అవగాహన కలిగించడం, నివేదిక రాయడం ఇందులోని అంశాలు.

ఈ ఆలోచన కొత్తది కాదు. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. అయితే అందులో చేరేది ఇష్టపడినవారు. ఇక్కడ సేవ చేయకపోతే డిగ్రీ చేతికి రాదు. సేవకు మార్కులు ముడిపడేసరికి చూపు పని మీది నుంచి సర్టిఫికెట్ మీదికి మళ్లడం సహజం.

సంతకానికే పరిమితం

ఏడాది పొడుగునా పని నడిచే స్వచ్ఛంద సంస్థలో విద్యార్థికి నేర్చుకునేందుకు అవకాశం ఉంటుంది. అదే 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వంటి పెద్ద సంస్థలు అన్ని జిల్లాల్లోనూ లేవు. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న చిన్న సంస్థ యాభై మందికి పని చూపలేదు. పనికి వెళ్లకుండానే సర్టిఫికెట్లు సంపాదిస్తున్నారన్న విమర్శలు అందుకే వినవస్తున్నాయి.

దీనివల్ల నష్టపోయేది పేద విద్యార్థే. వేసవిలో కూలికి వెళ్లి కాలేజీ ఖర్చులు సంపాదించుకునే పిల్లలు పల్లెల్లో ఎందరో ఉన్నారు. సేవా సంస్థల్లో భృతి దొరకడం అరుదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టిక్కెట్టు లేకపోయినా, మగపిల్లలకు చార్జీ తప్పడం లేదు. పట్నంలో గది, భోజనం ఖర్చులు ఇద్దరికీ ఉన్నవే. ఉన్నవారి బిడ్డ పని నేర్పే చోటికి వెళుతుండగా, లేనివారి బిడ్డ దగ్గర్లో దొరికే సంతకంతో సరిపెట్టుకోవలసి వస్తున్నది.

ఊరే బడి కావాలి

విద్యార్థి తన ఊళ్లోనే పని చేస్తే ఖర్చు తగ్గుతుంది, ఫలితమూ కనిపిస్తుంది. అర్హత ఉండీ పింఛను అందనివారెవరు, పదో తరగతితో చదువు మానినవారెందరు, ఏ వీధి బోరు ఎండిపోయింది అన్న జాబితా సిద్ధమైతే అది ఊరికి పనికివచ్చే ఆస్తి. ఆ నివేదిక ప్రతిని గ్రామ సచివాలయంలో ఉంచి, గ్రామసభలో చదివి వినిపించే ఏర్పాటు జరగాలి. హాజరు పుస్తకంలో పంచాయతీ కార్యదర్శి సంతకం ఉంటే దొంగ హాజరుకు తావుండదు.

ప్రజలూ జాగ్రత్త వహించాలి. సర్వేకు వచ్చినవారిని కాలేజీ ఇచ్చిన లేఖ చూపమని అడగాలి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పనవసరం లేదు. ఊరి నీళ్లు, బడి, దారి గురించి మాత్రం దాచకుండా చెప్పాలి.

నివేదికకు మార్కులు వేసే అధ్యాపకులు ఒక్కసారైనా ఆ ఊరికి వచ్చి, జనాన్ని అడిగి చూస్తే నిజం తేలుతుంది. 180 గంటల్లో ఒక్క వృద్ధురాలికి పింఛను దారి దొరికినా ఆ చదువు సార్థకమైనట్లే. కళాశాలలు, అధికారులు ఈ వేసవికైనా ఆ ఏర్పాట్లు చేయవలసి ఉంది.