ఒకే సమూహం, రెండు జాబితాలు: కోసిగి బోయల ప్రశ్న

కోసిగి బోయలు విద్యోద్యోగ రిజర్వేషన్లలో వెనుకబడిన తరగతుల ‘ఏ’ విభాగానికి చెందుతారు. తుంగభద్రకు ఆవలి ఒడ్డున, రాయచూరు సీమలో, వారి బంధువర్గమైన బేడ, వాల్మీకి సమూహం 1991 నుండి షెడ్యూల్డు తెగ. బోయలకు గిరిజన లక్షణాలు లేవనే వాదం ఇక్కడే వీగిపోతుంది: ఏటికి ఆవల ఉన్న లక్షణం ఈవల ఎట్లా మాయమవుతుంది? 2017లోనూ 2023లోనూ శాసనసభ తీర్మానించినా, 342వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయనిదే జాబితా మారదు.

అయితే రాష్ట్రంలో గిరిజనులకున్న 6 శాతాన్నే పంచుకొమ్మనడం ఏజెన్సీ విద్యార్థి సీటును కోయడమే. వాటా పెంచని చేర్పు ఒక అన్యాయాన్ని మరొక అన్యాయంతో పూడ్చడమవుతుంది. పైగా తల్లిదండ్రుల వెంట సుగ్గికి పోయి బడి మానిన బిడ్డకు ఏ జాబితా అక్కరకు రాదు. వలసకాలపు వసతిగృహాన్ని విస్మరించి ధ్రువపత్రాన్ని మాత్రమే వాగ్దానం చేసే రాజకీయం సామాజిక న్యాయం అనిపించుకోదు.