అద్దె తప్పించుకోడానికి పడవా?

మా ఆఫీసు కాంటీన్లో రెండు నెలలకోసారైనా ఎవరో ఒకరు నా పక్కన ట్రే పెట్టుకుని కూర్చుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతారు. "అన్నా, లండన్లో అద్దెలు కట్టలేక చస్తున్నాం. నీలాగా నేనూ ఓ పడవ కొనేసుకుంటే పోలా?" అని. అడిగేవాళ్ళంతా దాదాపు ఒకే బాపతు. దేశం దాటి వచ్చి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఎవరో దంపతులు తుప్పు పట్టిన పడవని తళతళలాడే ఇల్లుగా మార్చేసిన వీడియోలు ఓ ఇరవై చూసేసి ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నా నోరు నొప్పెట్టింది. అందుకే అంతా ఒకేసారి రాసి పడేస్తున్నాను.

ముందే తేల్చేస్తా. అద్దె మిగుల్చుకోడానికైతే కొనకండి. పడవలో బతకాలని మనసులో ఉంటే మాత్రం కొనండి, కానీ గీతలు గీసే ముందు లెక్కలు రాయండి. ఆ లెక్కల్లో నేను మర్చిపోయినదొకటుంది. దాని గురించి చివర్లో చెప్తా.

నేను 2020లో ఉత్త ఇనప డొక్కు కొన్నాను. లోపల ఇంజనూ, కింద బరువు కోసం పేర్చిన ఇటుకలూ తప్ప ఇంకేమీ లేవు. శనాదివారాలు కష్టపడి 14 నెలలకి దాన్ని ఇల్లు చేశాను. మా ఆవిడా నేనూ 2021 చలికాలం నుంచీ అందులోనే ఉంటున్నాం, గ్రాండ్ యూనియన్ కాలవ మీద. మాది గోదావరి జిల్లా కాబట్టి కాలవలన్నా పడవలన్నా కొత్త కాదు. ఇక్కడివాళ్ళు 'లాక్' అన్నప్పుడు నాకు ధవళేశ్వరం లాకులే గుర్తొస్తాయి. కాటన్ దొర పుణ్యమా అని ఆ మాట మనకి ఎప్పుడో తెలుగైపోయింది.

ఇంగ్లండు కాలవ పడవ ఇంత సన్నగా ఎందుకుంటుందో చూద్దాం. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తన కాలవల మీద లాకుల్ని సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టించాడు. ఆయన ఒక్కసారి తీసుకున్న ఆ డిజైను నిర్ణయానికి ఇవ్వాళ్టికీ మనం కట్టుబడి ఉండాలి. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే అదీ. పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు దాటితే దేశంలో సగం కాలవలు మీకు మూసుకున్నట్టే. యార్క్‌షైరు వైపు కొన్ని లాకులు పొట్టివి, అక్కడికీ వెళ్ళాలంటే పొడవు 57 అడుగులు మించకూడదు. అందుకే నాదీ 57 అడుగులే. ముందు వసారా, వెనక ఇంజనూ పోగా గది పొడవు నలభై రెండో నలభై మూడో మిగిలింది. గోడల్లో నురగ ఇన్సులేషనూ, పైన చెక్కలూ పోగా లోపలి వెడల్పు ఆరడుగులు. మన స్లీపర్ క్లాసు పెట్టె వెడల్పు పదిన్నర అడుగుల పైనే. అంటే రైలు పెట్టెలో సైడు బెర్తులు పీకేసి, నడిచే దారిని కూడా కాస్త కుదిస్తే మా ఇల్లు.

ఇందులో కొత్తేం లేదనుకోండి. పాత రోజుల్లో సరుకు పడవల్లో యాభై అడుగుల దాకా బొగ్గుకి వదిలేసి, వెనక పదడుగుల గదిలో కుటుంబాలు కుటుంబాలే బతికేవి. మడిచిపెట్టే మంచం, తలుపు కిందికి దించితే బల్లయ్యే అలమారా, మూలన పొయ్యి. ఆ అవస్థ చూసే జార్జ్ స్మిత్ అనే ఆయన పోరాడితే 1877లో చట్టం వచ్చింది. పడవల్ని నివాసాలుగా రిజిస్టరు చేయించాలి, ఇంతకు మించి మనుషులు ఉండకూడదు అని. తర్వాత 1939లో ఎల్.టి.సి. రోల్ట్ అనే మెకానికల్ ఇంజనీరు బాన్‌బరీలో 'క్రెస్సీ' అనే పాత పడవని ఇల్లుగా దిద్దించుకుని పన్నెండేళ్ళు అందులోనే ఉన్నాడు. 1944లో ఆయన రాసిన పుస్తకం చదివే చాలామంది ఇటు తిరిగారు. వాళ్ళు అద్దె ఎగ్గొట్టడానికి పడవెక్కలేదు. మొదటివాళ్ళకి వేరే దారి లేదు, రెండోవాళ్ళకి ఆ జీవితమే కావాలి. మన కాంటీను తమ్ముళ్ళు ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉన్నారు. వచ్చిన చిక్కంతా అక్కడే.

సరే, డబ్బు సంగతి. పడవకి ఇంటి లోను దొరకదు. ఇల్లయితే దాని కింద నేల ఉంటుంది, దానికి ధర పెరుగుతుంది. పడవ కింద ఉండేది నీళ్ళు, అవి చేసే పని తుప్పు పట్టించడమే. రెండు మూడేళ్ళకోసారి పడవని నీళ్ళలోంచి పైకి తీసి అడుగున నల్లరంగు పుయ్యాలి. నాలుగేళ్ళకోసారి భద్రతా పరీక్ష, ఏటా ఇన్సూరెన్సూ లైసెన్సూ. కాలవల్ని చూసేది 2012 నుంచీ కెనాల్ అండ్ రివర్ ట్రస్టు. మీకు సొంత మూరింగు, అంటే పడవ కట్టుకోడానికి అద్దెకి తీసుకున్న చోటు, లేకపోతే 1995 చట్టం ప్రకారం ఒకచోట 14 రోజులకి మించి ఆగకూడదు, తిరుగుతూనే ఉండాలి. అలా తిరిగేవాళ్ళకి 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద అదనపు రుసుము కూడా వేశారు. లండన్ చుట్టుపక్కల మూరింగు దొరకడమే గగనం, దొరికినా దానికీ అద్దే. ఇక వీసా మీద ఉన్నవాళ్ళకి చిరునామా అనేది ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు. "ఈ వారం ఫలానా వంతెన దగ్గర" అంటే బ్యాంకువాడు ఒప్పుకోడు.

ఇవన్నీ విన్నా ఉత్సాహం తగ్గలేదా? అయితే ప్లాను సంగతి చూద్దాం.

మనవాళ్ళు చేసే మొదటి తప్పు (నేనూ చేశాను) త్రీడీ బొమ్మ గీయడం. సోఫా ఇక్కడ, మంచం అక్కడ అని. బొమ్మ చాలా బాగుంటుంది. నన్నడిగితే మొదట కావలసింది బొమ్మ కాదు, ఒక చిట్టా. ఒక వారం పాటు ఇప్పుడున్న ఇంట్లోనే మీరు ఎన్ని లీటర్లు వాడుతున్నారో, ఎన్ని యూనిట్లు కాలుస్తున్నారో, ఎంత చెత్త పారేస్తున్నారో రాసుకోండి. ఇంట్లో అయితే మీటా నొక్కితే కరెంటు, తిప్పితే నీళ్ళు. వెనకాల వేరే ఎవరో పని చేస్తున్నారు. పడవలో ఆ వేరే ఎవరో మీరే.

కరెంటు లెక్క చెప్తా. ఇద్దరం ఇంటి నుంచి పనిచేసే రోజు రెండు ల్యాప్‌టాపులు 60 వాట్ల చొప్పున 9 గంటలు, అంటే 1080 వాట్ అవర్లు. మానిటరు 200, ఫ్రిజ్జు 500, రౌటరు రోజంతా కలిపి 240, దీపాలూ పంపులూ 150, పిండి రుబ్బితే ఇంకో 75. మొత్తం 2245. ఇన్వర్టరు మింగేది కలిపితే రెండున్నర యూనిట్లు. 12 వోల్టుల దగ్గర సుమారు 210 ఆంప్ అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీలు సగానికి మించి వాడితే పాడైపోతాయి కాబట్టి 420 పెట్టుకోవాలి, లేదా ఖరీదెక్కువైనా లిథియంకి వెళ్ళాలి. వేసవిలో కప్పు మీది సోలారే చాలావరకు లాగేస్తుంది. డిసెంబరులో ఆ పలకలు ఉన్నాయో లేవో కూడా తెలీదు. అప్పుడు రోజూ మూడు గంటలు ఇంజను తిప్పాలి. అదీ రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా కట్టేసిన పడవలో తిప్పకూడదు. అంటే మీటింగులో మాట్లాడుతుంటే వెనక డీజిలు ఇంజను దడదడలు... మా మేనేజరుకి అలవాటైపోయింది.

నీళ్ళ దగ్గర మాత్రం మనమే గెలుస్తాం. నా ట్యాంకు 500 లీటర్లు. షవరు కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే యాభై లీటర్లు దాకా పోతాయి. బకెట్టూ చెంబూ పెట్టుకుంటే పద్దెనిమిదితో సరి. ఆ చిన్న షవరు గదిలో బకెట్టు పట్టేలా కొలుచుకుని కట్టండి. తెల్లవాళ్ళ ప్లాన్లలో అది ఉండదు.

అలాగే మరుగుదొడ్డి. సిగ్గుపడకుండా చెప్పుకోవాల్సిన విషయమిది. ఈ మధ్య అందరూ పొగిడే 'సెపరేటింగ్' రకం పొడిగా ఉంటేనే పనిచేస్తుంది. మన చెంబు అలవాటుతో అది రెండు రోజుల్లో చేతులెత్తేస్తుంది. క్యాసెట్టు రకం అయితే ఇరవై లీటర్ల పెట్టె, నీళ్ళు వాడేవాళ్ళకి ఇట్టే నిండుతుంది. దాన్ని మోసుకెళ్ళి పారబోసి కడిగేది కూడా మీరే. మేం ఆఖరికి పెద్ద ట్యాంకు పెట్టి పంపుతో లాగించే రకం వేయించాం. గడ్డకట్టిన కాలవలో పడవ కదలకపోతే దానికీ తిప్పలే, కానీ మనశ్శాంతి ఉంది.

వంటకొస్తే, అన్నం వార్చడం, సాంబారు మరగడం, ఇడ్లీ ఆవిరి. ఇదంతా ఇనప డబ్బాలో! ఆవిరి ఎక్కడ చల్లటి ఇనుము తగిలితే అక్కడ నీరవుతుంది. కిటికీ చట్రాల మీంచి కారి, మంచం పరుపు అడుగున బూజు పడుతుంది. ఇన్సులేషన్లో ఒక్క కన్నం కూడా వదలకండి. పొయ్యి పైన ఫ్యాను పెట్టండి. చలేస్తోందని గాలి రంధ్రాల్లో గుడ్డలు మాత్రం కుక్కకండి. బొగ్గు పొయ్యి ఉన్న గదిలో అది ప్రాణాలతో చెలగాటం. కార్బన్ మోనాక్సైడు అలారం 2019 నుంచి భద్రతా పరీక్షలో తప్పనిసరి అయింది. తప్పనిసరి కాకపోయినా పెట్టుకోవాల్సిందే.

నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. నేల చెక్కలు పూర్తిగా బిగించేసి, దాని మీద ఓ పక్కగా వంటగట్టూ ఫ్రిజ్జూ వాషింగ్ మెషీనూ వరసగా పెట్టాను. పడవ ఆ పక్కకి ఒరిగింది. బంతి వదిలితే వంటింటి వైపే దొర్లేది. అడుగున ఇటుకలు అటు నుంచి ఇటు జరపాలి, కానీ నేల తెరుచుకోదు! కొత్త చెక్కని రంపంతో కోస్తుంటే మా ఆవిడ చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అన్నీ అమర్చాక ఇటుకలు సర్దాల్సి వస్తుందని ముందే అనుకుని, నేలలో అక్కడక్కడా మూతలు వదలండి.

ఇంతదాకా చెప్పినవన్నీ దిద్దుకోగలిగిన తప్పులే. ఇప్పుడు లెక్కలో రాయనిది.

2023 వేసవిలో మా అమ్మ వచ్చింది, ఆరు వారాలు ఉండేట్టు. అమ్మకి అప్పటికి 68. మోకాళ్ళ నొప్పులు. గట్టు మీంచి పడవలోకి ఓ పెద్ద అడుగు, అక్కడి నుంచి లోపలికి నిటారుగా మూడు మెట్లు, ఒక్కోటీ అడుగెత్తు. పట్టుకోడానికి ఏమీ లేదు, ఎందుకంటే మెట్ల పక్క గోడకి నా పుస్తకాల అర పెట్టాను. పక్కేమో బల్లని దించితే మంచమయ్యే రకం, మోకాలికి కూడా అందనంత ఎత్తులో. పొద్దున్నే అక్కడి నుంచి లేవడానికి అమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకునేది. నాలుగో రోజు నుంచి బయటికి రావడం మానేసింది. కాలవ గట్టున నడుద్దామని పిలిస్తే "మీరెళ్ళి రండి" అనేది. తొమ్మిదో రోజు మిల్టన్ కీన్స్‌లో ఉన్న మా పిన్ని కూతురింటికి వెళ్ళిపోయింది. కారెక్కుతూ, "ఇల్లు బానే కట్టావురా నాన్నా, నాకే సరిపోలేదు అంతే" అంది.

నాలుగు వందల వరసల ఎక్సెల్ షీటు నాది. ఆంపులు ఉన్నాయి, లీటర్లు ఉన్నాయి, ఆఖరికి మేకులు ఎన్ని కిలోలో కూడా ఉంది. ఇంట్లో ఉండే మనుషులు అన్న చోట '2' అని రాసుకున్నాను. మూడో మనిషి వస్తే ఎక్కడ పడుకుంటుందనేది కూడా రాశాను, కానీ ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది అనేది రాయలేదు. ముప్ఫై అయిదేళ్ళ మోకాళ్ళు శాశ్వతం అనుకుని కట్టిన ఇల్లది.

తర్వాతి శీతాకాలం ముందువైపు మెట్లు పీకేసి, లోతుగా, తక్కువ ఎత్తులో అయిదు మెట్లు పెట్టాను. పుస్తకాల అర పోయింది, ఆ చోట గోడకి పట్టుకునే కమ్మీ వచ్చింది. పక్కని పద్దెనిమిది అంగుళాలకి లేపాను. దాని కోసం రెండు సొరుగులూ సగం అలమారా పోయాయి. ఆరడుగుల వెడల్పులో ప్రతి అంగుళం ఎవరి దగ్గరో ఒకరి దగ్గర తీసుకోవాల్సిందే.

కాబట్టి తమ్ముళ్ళూ, వీడియోలు ఆపి ఒక పని చెయ్యండి. చలికాలంలో కూడా పడవలు అద్దెకిచ్చేవాళ్ళు కొందరున్నారు. ఓ వారం తీసుకోండి, ఆఫీసుకి సెలవు పెట్టకుండా. అందులోంచే పనిచేయండి, అందులోనే వండుకోండి, తొట్టి మీరే ఖాళీ చెయ్యండి. ఆ వారం అయ్యాక కూడా కావాలనిపిస్తే చిట్టా తెరిచి మొట్టమొదటి వరసలో మీ గుమ్మం ఎక్కి రావాల్సినవాళ్ళ పేర్లు రాయండి. ఆంపులు ఆ తర్వాత.

మెట్లు మార్చానని ఫొటోలు పంపితే అమ్మ చూసింది. వచ్చే వేసవికి రమ్మన్నాను. "చూద్దాంలే, ముందు ఆ గట్టు మీద అడుగు సంగతి చూడు" అంది. నిజమే, దానికింకా ఏం చెయ్యాలో తేలలేదు.