ఆ డ్యాష్‌బోర్డు మీద రంపం పెట్టకండి

1960ల నాటి ఫియట్ 1100ని ఒకాయన తిరిగి బతికిస్తాడు. తుప్పు తిన్న రేకు కోయించి కొత్తది వెల్డింగ్ చేయిస్తాడు. బంపర్లకు క్రోమ్ వేయిస్తాడు. డోర్ బీడింగుల కోసం, ఒక్క టెయిల్ లైట్ అద్దం కోసం ముంబయి చోర్ బజార్ దాకా వెళ్లి గాలిస్తాడు. కారు తళతళలాడుతూ షెడ్డు బయటికి వచ్చాక, చివరి పనిగా దాన్ని ఒక యాక్సెసరీస్ షాపులో అప్పగిస్తాడు. "ఏం కాదన్నా, చిన్న కట్టింగే" అంటూ అక్కడి కుర్రాడు జిగ్‌సా తీస్తాడు. కాఫీ తాగి వచ్చేలోపు డ్యాష్‌బోర్డు మధ్యలో నీలం లైట్ల స్టీరియో వెలుగుతుంటుంది, దాని వెనక అరవై ఏళ్ల ఉక్కు పలక తెగిపడి ఉంటుంది. బిల్లులో దీన్ని 'సౌండ్ అప్‌గ్రేడ్' అని రాస్తారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పాత కారులో మంచి సంగీతం వద్దని నేను అనడం లేదు. అసలు రేడియో ఎలా గరగరలాడినా దాన్నే వినాలని పట్టుబట్టే ఛాందసులతో నాకు పొత్తు లేదు. మీడియం వేవ్ తప్ప మరేదీ పట్టని పెట్టె, కోడిగుడ్డు ఆకారంలో ఒకే ఒక్క స్పీకరు, అది కూడా డ్యాష్‌బోర్డు కింద కాళ్ల వైపు తిరిగి. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా దాంతోనే సరిపెట్టుకొమ్మనడం అన్యాయం. ఘంటసాల గొంతులోని గాంభీర్యం ఆ కారులోనూ నిండుగా వినిపించాలి. నా గొడవంతా రంపంతోనే.

పాత రేడియోకు డ్యాష్‌బోర్డులో కావలసింది మీటల కోసం రెండు గుండ్రటి రంధ్రాలు, మధ్యలో డయల్‌కు చిన్న కిటికీ. నేటి స్టీరియోకు 180 మిల్లీమీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల ఎత్తున్న దీర్ఘచతురస్రపు తొర్ర కావాలి. రెండోది పట్టాలంటే మొదటిదాని చుట్టూ ఉన్న లోహమంతా పోవాల్సిందే. ఆ లోహం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? కుర్లాలో ఆ ఫియట్‌కే తర్వాతి పేరైన పద్మిని తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటింది. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ 2014లో ఆగిపోయింది. ఇక మీదట ఆ డ్యాష్‌బోర్డును ఎవరూ అచ్చు పోయరు. స్పీకరు రేపు కొనుక్కోవచ్చు, ఎల్లుండి ఇంకా మంచిది వస్తుంది.

ఏ స్టీరియో కోసం కోస్తున్నారో దాని ఆయువెంతో కాస్త ఆలోచించండి. 1980ల్లో క్యాసెట్ ప్లేయర్ కోసం ఎన్ని అంబాసిడర్ల డ్యాష్‌బోర్డులు బలయ్యాయో పాత షెడ్లన్నిటికీ తెలుసు. క్యాసెట్ పోయింది. ఆ తొర్రలో సీడీ ప్లేయర్ పెట్టారు, అదీ పోయింది. పెన్‌డ్రైవ్ వచ్చింది, ఇప్పుడు పాట ఫోన్‌లో ఉంది. పదేళ్లు కూడా నిలవని వస్తువు కోసం అరవై ఏళ్లు నిలిచినదాన్ని కోశారు. కోత మాత్రం మిగిలింది.

తలుపుల సంగతి ఇంకా ఘోరం. కారు తలుపు లోపలికి వాన నీరు దిగడం సహజం. అద్దం వెంట జారి, అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోయేలా తలుపును కట్టారు. లోపలి రేకు కోసి స్పీకరు బిగించి, వెనక ఏ రక్షణా లేకుండా వదిలేస్తే ఆ నీళ్లు కోనుకు తగులుతాయి, పచ్చి కోత అంచున తుప్పు మొదలవుతుంది. స్పీకరు అయస్కాంతం లోతు షాపువాళ్లు ముందే కొలవకపోతే, అద్దం దించగానే దానికి కొట్టుకుంటుంది. ఇక వెనక సీటు పైనున్న పార్సిల్ షెల్ఫ్. అంబాసిడర్ లాంటి మోనోకాక్ కార్లకు వేరే ఛాసిస్ ఉండదు. బిగువంతా రేకులు పంచుకుని మోస్తాయి, వెనక పలకలతో సహా. అందులో రెండు పెద్ద అండాకారపు తొర్రలు తీయడం బొమ్మ కత్తిరించినంత తేలిక అనుకుంటున్నారు.

ఇంత చేసి సాధించేదేమిటో లెక్క చూద్దాం. డబ్బా మీద '50 వాట్లు × 4' అని ఉంటుంది. కారు వోల్టేజీ 14.4 అనుకుంటే, నాలుగు ఓమ్‌ల స్పీకరుకు పాట చెడకుండా అందగలిగేది కాగితం మీద సుమారు 26 వాట్లు. ఆ 50 వచ్చేసరికి పాట చితికి చతురస్రపు తరంగమైపోతుంది. ఆ అంకె కొనేవాడి కళ్లకు గంతలు కట్టడానికే. దానికి తోడు 500 వాట్ల యాంప్, డిక్కీ నిండా వూఫర్. ఆ యాంప్ పూర్తి గొంతెత్తితే 40 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో విరివిగా వాడిన లూకాస్ సి40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22. రాత్రి వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, ఇగ్నిషన్ కలిసి అందులో సగానికి పైగా తినేస్తాయి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంటే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, బ్యాటరీయే అన్నీ మోయాలి. గుడ్డ చుట్టిన పాత వైరుకు ఈ భారం తగిలిస్తే కాలేది వైరు ఒక్కటే కాదు. 1950ల బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొనను కారు బాడీకి కలపడం) ఉండేదని తెలియకుండా కొత్త స్టీరియోకు కనెక్షన్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. స్విచ్చి వేయగానే ఆ పెట్టె మాడిపోవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

రంపం లేకుండా మంచి శబ్దం రాదని చెప్పేది పని రాని వాళ్లు. పాత రేడియో ముఖం, మీటలు, డయల్ అలాగే ఉంచి, లోపలి సర్క్యూట్ బదులు బ్లూటూత్, ఎఫ్ఎం ఉన్న బోర్డు అమర్చవచ్చు. తీసిన భాగాలు పెట్టెలో భద్రపరచాలి, కారుతో పాటు వారసుడికి చేరాలి. అదీ వద్దంటే రిసీవర్ గ్లవ్‌బాక్సులో దాక్కుంటుంది. చిన్న యాంప్ సీటు కింద, సీటు బోల్టులకే బిగుస్తుంది. ముందు స్పీకర్లకు కాళ్ల దగ్గర పక్కలకు విడి పెట్టెలు, వెనక షెల్ఫ్ మీద విప్పదీయగల చెక్క పలక. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు ఉన్న ప్రత్యేక లైను. కార్పెట్ కింద మందపాటి ఫెల్ట్ పరిస్తే రోడ్డు మోత తగ్గుతుంది, వాల్యూమ్ పెంచాల్సిన అవసరమే తగ్గిపోతుంది. ఇందులో ఒక్క కోత లేదు. పోర్షే కంపెనీ తన పాత కార్ల కోసం 2020లో నావిగేషన్, ఫోన్ కనెక్షన్ ఉన్న రేడియోను విడుదల చేసినప్పుడు దాన్ని పాత రేడియో తొర్రలోకే సరిపోయేలా తయారు చేసింది. కారు కట్టినవాడే దాని డ్యాష్‌బోర్డును గౌరవిస్తుంటే, జిగ్‌సా చేతపట్టిన మనకెందుకంత తొందర?

2021లో కేంద్రం తెచ్చిన నిబంధన 50 ఏళ్లు దాటిన వాహనాలకు 'వీఏ' వరుసలో వింటేజ్ నంబరు ఇస్తుంది. వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మారకూడదు. అలాంటి నంబరు కట్టుకుని, లోపల ముక్కలు చేసిన డ్యాష్‌బోర్డుతో ర్యాలీల్లో తిరుగుతున్న కార్లకు కప్పులు ఇస్తున్నారు. పెయింటు మెరుపు చూసి మార్కులు వేసే జడ్జీలారా, తలుపు తెరవండి. డోర్ ప్యాడ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, డ్యాష్‌బోర్డు కింద టార్చ్ వేయండి. కొత్త స్టీరియో ఉన్నందుకు ఒక్క మార్కూ తగ్గించొద్దు. కోసిన ప్రతి అంచుకూ నిర్దాక్షిణ్యంగా తగ్గించండి, ఎందుకు తగ్గించారో యజమాని ముఖం మీదే చెప్పండి.