వెన్నులో కరెంటు తీగ

ప్రశ్న: మావారికి వెన్ను ఆపరేషన్ అయి రెండేళ్లయినా కాలి మంటలు, పోట్లు తగ్గలేదు. వెన్నులో కరెంటు మిషన్ పెట్టించమంటున్నారు. నా గాజులు అమ్మనా?
– ఒక సోదరి, మధురానగర్

జవాబు: తొందరపడకమ్మా. వెన్నుపాము పొర వెలుపల సన్నని తీగ, చర్మం కింద చిన్న బ్యాటరీ అమరుస్తారు. స్వల్ప కరెంటు నొప్పి కబురును మెదడుకు చేరకుండా అణచివేస్తుంది. 1967లో అమెరికాలో డాక్టర్ నార్మన్ షీలీ దీన్ని తొలిసారి అమర్చారు. నొప్పి తగ్గవచ్చు గాని అసలు జబ్బు పోదు. పడిపోయిన కాళ్లను దీనితో నడిపించడం ఇంకా పరిశోధనలోనే ఉంది. ముందు కొన్నాళ్లు బయటి బ్యాటరీతో పరీక్షిస్తారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే లోపల పెట్టించండి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. మీకు దగ్గర్లోనే పంజాగుట్ట నిమ్స్ ఉంది. అక్కడి న్యూరోసర్జన్‌ను కూడా అడిగాకే గాజుల మాట ఆలోచించండి.