నవ్వుల పెట్టెకు తాళమేల?

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23వ తేదీన వెలసినది. అది మొదలు 1995లో జెమినీ, ఈటీవీలు వచ్చువఱకు తెలుగు గృహస్థునకు బుల్లితెర యనిన దూరదర్శనమే. ఆ కేంద్రము మనల నవ్వించిన ధారావాహికలలో కీర్తిశేషులు ధర్మవరపు సుబ్రహ్మణ్యముగారి ‘ఆనందోబ్రహ్మ’ పేరెన్నిక గన్నది. దానిని ఆద్యంతము, వరుస తప్పక, కోతలు లేక, గృహస్థుడు కొని యింట నుంచుకొనునట్లు విడుదల చేయవలయునని వెనుకటి ప్రేక్షకులు కోరుట న్యాయమని మా యభిప్రాయము. కోరిక చిన్నది. చిన్నదగుటచేతనే దానిని త్రోసివేయుట సులభమగుచున్నది.

నవ్వుబొమ్మల కొఱకు సంపాదకీయమా యని కొంద ఱడుగవచ్చును. కొత్తకోటలో చీర నేయువానికి కూలి గిట్టుట లేదు. పాలమూరి కూలి పొట్ట చేతబట్టుకొని బొంబాయికి, పూనాకు పోయిన కథ యింకను చల్లాఱలేదు. వీనిని విడిచి హాస్యమును పట్టుకొనుట యేల యని వారి యాక్షేపణ. దీనికి మేము జంకము. దినమెల్ల మగ్గపు గుంటలో కాళ్లాడించి వచ్చినవాడు మిద్దె యెక్కి, యాంటెన్నా గొట్టము నటు త్రిప్పి యిటు త్రిప్పి, ‘వచ్చిందా, వచ్చిందా’ యని క్రిందివారి నడుగుచు పడిన పాట్లు ఆ కాసేపటి నవ్వు కొఱకే గదా! అదియు నుచితముగ దొరకిన నవ్వు కాదు. 1985వఱకు టెలివిజనుకు లైసెన్సు రుసుము చెల్లించితిమి. అటుపిమ్మట పన్నుల రూపమున చెల్లించుచునే యున్నాము. విత్తనము మనది, ఎరువు మనది; పంట కళ్లము చేరిన పిదప చుట్టును కంచె వేసి లోనికి రావలదన్నచో ఏ యాసామి యూరకుండును?

‘ఆనందోబ్రహ్మ’ యను మాట తైత్తిరీయోపనిషత్తులోనిది. బ్రహ్మజ్ఞానపు మాటను నవ్వులాటకు పేరుగ నుంచుటలోనే ఒక చమత్కారమున్నది. ఇప్పుడా పేరు చెప్పి వెదకువానికి 2017లో వచ్చిన దయ్యాల చలనచిత్రము ముందు ఎదురగును. ధారావాహిక కొఱకు ముక్కలు ఏరుకొనవలసినదే. ముక్కలు చూచి నవ్వుకొనవచ్చును. కాని యొక పాత్ర మొదట నెట్లు వచ్చెను, ఏ మాట ఊతపదముగా మాఱెను, రచయిత యెక్కడ తడబడి యెక్కడ నిలద్రొక్కుకొనెను అనునవి వరుసగా చూచినగాని తెలియవు.

సంపూర్ణత యనిన నేమో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. ‘అమృతము’ ధారావాహికను చూడుడు. గుణ్ణం గంగరాజుగారు నిర్మించిన యీ హాస్యకథ జెమినీలో 2001 నవంబరు 18 నుండి 2007 నవంబరు 18 వఱకు, 313 భాగములుగా సాగినది. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ అను మువ్వురు ధరించిరి. ఆంజనేయులు మాత్రము గుండు హనుమంతరావుగారే. నాయకుని ముఖము మాఱినను ఫలహారశాల నడచినది, అద్దెయింటి యజమాని అప్పాజీ తగవును నడచినది. ఈ విడ్డూరము పది మంచి భాగము లేర్చి చూపినచో బోధపడునా? ఆ నిర్మాత తన సరకును దాచుకొనక యూట్యూబులో నుంచినందున 2018 ఫిబ్రవరి 19న హనుమంతరావుగారు పోయినప్పుడు వారి యాంజనేయుని మరల చూడదలచిన వారికి చూచు భాగ్యము కలిగినది. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ వచ్చుటకును ఈ చెదరని యభిమానమే పునాది. 2013 డిసెంబరు 7న ధర్మవరపువారు పోయిరి. వారికి పేరు తెచ్చిన కృతి ప్రభుత్వ సంస్థది. ఒక వర్తకుడు చేయగలిగిన పని ప్రజల సొమ్ముతో నడచు సంస్థకు చేతగాదనుట మాకు మ్రింగుడుపడుట లేదు.

“అన్నియు నేల? మంచివానిని నాలుగింటిని విడుదల చేసిన చాలదా?” అనువారు గలరు. చాలదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినప్పుడు 354 మంది కవులను చేర్చిరి. అందఱును మహాకవు లని కాదు. ఈ సీమలో కవులు లేరన్నవారికి నోట మాట రాకుండుటకు ఆ సంఖ్యయే సమాధానము. పానుగంటివారి సాక్షి వ్యాసములు సువర్ణలేఖలోను, పిమ్మట ఆంధ్రపత్రికలోను వెలువడినవి. సంపుటములుగా కూర్పబడకున్న నేడు ఏ పాత కాగితముల కట్టలో వెదకుకొనువారము?

తెలంగాణమువారికి మాత్రమే యున్న కారణ మొకటి కలదు. తెలుగు హాస్యములో చాలకాలము మన యాస వంటవానికో, రౌడీకో, తెలివిమాలినవానికో కేటాయింపబడెను. సినిమాలలో దీనిని చూచి నొచ్చుకొనని పాలమూరివాడు లేడు. దూరదర్శన్ ధారావాహికలలో మన మాటకు దక్కిన గౌరవ మెంత, అగౌరవ మెంత యని రేపు లెక్క చూడవలసిన పిల్లలకు అన్ని భాగములును కావలయును. ఏఱి యిచ్చువారు నేటి కాలమునకు ఇబ్బందికరమైన వానిని మొదట తీసివేయుదురు. మనలను నవ్వించినవియు, మనలను చూచి నవ్వినవియు, రెండును మాకు కావలయును. 2014 తరువాత యాదగిరి, సప్తగిరి యని కేంద్రములు రెండైనవి. పాత నవ్వు ఎవరి వాటా యను తగవు మాత్రము దయచేసి పెట్టకుందురు గాక.

తొందర యేమి యందురా? 1931లో వచ్చిన ‘ఆలం ఆరా’ మన దేశపు తొలి టాకీ. దాని ప్రతి నేడు లేదు. ఆ యేడే, తమిళముతో పాటు తెలుగు మాటలను గూడ వినిపించిన హెచ్. ఎం. రెడ్డిగారి ‘కాళిదాసు’కును అదే గతి. వీడియో టేపు ఫిలిము కన్న బలహీనమైనది. తేమ తగిలిన టేపు మీది పూత మెత్తబడి యంత్రమున కంటుకొనును. కొంతకాలమునకు దానిని త్రిప్పగల యంత్రమే దొరకదు. అందుపైన టేపు ఖరీదైనదని పాతది చెఱిపి క్రొత్తది పట్టుట ఆ కాలపు కేంద్రములలో దేశదేశములందు నుండినదే. బ్రిటిషువారి బీబీసీ అంతటిది ‘డాడ్స్ ఆర్మీ’ యను మిక్కిలి ప్రీతిపాత్రమైన హాస్యధారావాహికలోని భాగములనే పోగొట్టుకొనెను. 80 భాగములలో 3 నేటికిని లేవు. 2 మాత్రము 2001లో బయటివారి యొద్ద దొరకినవి. కావున మన పట్టణములలో వీసీఆర్ కొన్న యింటివారు అటకమీది క్యాసెట్లను పాఱవేయకుండుడని మా మనవి. పెండ్లి వీడియో క్రింద ఏమి యుండునో యెవ రెఱుగుదురు?

హక్కుల చిక్కు లున్న వని యధికారులు చెప్పుట కలదు. నిజమే. రచయిత, నటులు, సంగీతము కూర్చినవారు, వారి వారసులు, అందఱకును చెల్లవలసినది చెల్లవలయును. కాని చిక్కు విప్పుటకే గదా యధికారము! అమెరికాలో ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ అను విద్యార్థి జీవితపు ధారావాహిక 1999లో మొదలై యొక్క యేడాదిలోనే నిలిపివేయబడెను. తీసినవి 18 భాగములే. అందలి ప్రసిద్ధ గీతముల హక్కులకు పెద్ద మొత్తము కావలసి వచ్చెను. పాటలు మార్చి చౌకగా విడుదల చేయుట తేలిక. అభిమానులు విజ్ఞప్తి వెనుక విజ్ఞప్తి పంపి పట్టు విడువలేదు. 2004లో మొదటి పాటలతోనే సంపూర్ణముగ డిస్కులు వచ్చినవి. మన 1957 కాపీరైటు చట్టము ప్రకారము చలనచిత్రములకు ప్రచురణానంతరము 60 సంవత్సరములు హక్కు నిలుచును. అనగా 1990లో వెలువడినది 2050 చివఱ వఱకు బంధితము. అంతకాలము హక్కు బ్రదుకునేమో గాని టేపు బ్రదుకదు.

ప్రసారభారతి యేమియు చేయలేదని మేమనము. 2020 మార్చిలో దేశము తలుపులు మూసికొనినప్పుడు రామాయణమును మరల చూపి కోట్ల జనమును కూర్చుండబెట్టినది. ఏప్రిలులో పాతవాని కొఱకే దూరదర్శన్ రెట్రో నెలకొల్పినది. 2024 నవంబరులో ‘వేవ్స్’ అను వేదికను తెఱచినది. సంగీత విద్వాంసుల కచేరీలను డిస్కులుగా నమ్మిన యనుభవమును దాని కున్నది. హిందీ రామాయణమునకు దొరకిన శ్రద్ధలో పరక తెలుగు హాస్యమునకును దొరకనిండు. ఐనను వేదికపై నుంచినంతమాత్రమున పని ముగిసినట్లు కాదు. అద్దెయింటిలో కాపురము ఎన్నాళ్లు? అప్పాజీ వంటి యజమాని తలచుకొన్న నాడు సామాను వీధిలో నుండును. డిస్కు పనికిరాని కాలమైనచో పెన్‌డ్రైవులో నిండు. కొన్నవాని యింట, వాని బీరువాలో, వాని మనుమనికి దక్కునట్లుండవలయును. గ్రంథాలయములకు ఒక్కొక్క ప్రతి యిచ్చిన మఱియు మేలు.

తొలుత చేయవలసిన దొక జాబితా ప్రకటించుట. ఆరంభము నుండి నేటివఱకు హైదరాబాదు కేంద్రము తీసిన తెలుగు హాస్యధారావాహికల పేర్లు, ఎన్ని భాగములు తీసిరి, ఎన్ని మిగిలినవి, ఏ టేపుపై నున్నవి, ఎన్ని కంప్యూటరు కెక్కినవి, ఇంతమాత్రము వ్రాసి బయటపెట్టుటకు హక్కుల చిక్కేమియు లేదు. తామై పెట్టకున్న, 2005 సమాచారహక్కు చట్టము కలదు. రుసుము 10 రూపాయలు, జవాబునకు గడువు 30 దినములు. కొత్తకోట, వనపర్తి, నల్లగొండల పాఠకులలో దరఖాస్తు వ్రాయుటకు సిద్ధమైనవారు ఒక్కొక్కరు ఒక్కొక్క ధారావాహిక పేరు పట్టుకొని యడుగుట మేలు. ‘ఆనందోబ్రహ్మ’తో మొదలిడుడు.