కలిసి చదివే పిల్లలకు ఊళ్లో ఒక చోటు చూపండి

సంక్రాంతి పండుగ వెళ్లిపోయింది. మార్చి నెలలో పదో తరగతి పరీక్షలు. ఇంకా మిగిలింది రెండు నెలల గడువు మాత్రమే. ఈ రోజుల్లో పల్లెల్లో ఏ ఇంటికి వెళ్లినా పిల్లలకు పెద్దలు చెప్పే మాట ఒకటే. "ఒక్కడివే కూర్చుని చదువుకో. నలుగురితో చేరితే చెడిపోతావు" అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. చదువు పేరు చెప్పి కబుర్లతో రాత్రి పొద్దుపుచ్చే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఆ కారణంతో కలిసి చదవడమే తప్పని తేల్చేస్తే నష్టపోయేది పేదింటి పిల్లలే.

అడిగితే చెప్పేవారు ఇంట్లో ఉన్న పిల్లలకు ఒంటరి చదువు సరిపోవచ్చు. డబ్బు కట్టి ట్యూషను పెట్టించగలవారికీ ఇబ్బంది లేదు. మన అనంతపురం ప్రాంతంలో వానలు మొగం చాటేసి వేరుశనగ దెబ్బతిన్న ఏడు ఎందరో తల్లిదండ్రులు బెంగళూరుకు కూలి పనులకు పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండి బడికి పోతారు. ఆ అవ్వ బువ్వ పెట్టగలదు గానీ బీజగణితం లెక్క చెప్పగలదా? సాయంత్రం బడి గంట కొట్టిన తరువాత ఆ పిల్లవాడి సందేహం తీర్చగలిగింది పక్క వీధిలోని తోటి విద్యార్థి ఒక్కడే. అతని దగ్గరికి కూడా పోవద్దంటే ఇక ఎవరిని అడగాలి?

కలిసి చదవడం మనకు కొత్త కాదు. చదువులో పావు భాగం గురువు వల్ల, పావు భాగం సొంత బుద్ధి వల్ల, పావు భాగం తోటి విద్యార్థుల వల్ల, మిగిలిన పావు కాలక్రమంలో వస్తుందని పూర్వం పెద్దలు చెప్పేవారు. మన వీధిబడులు నడిచింది కూడా ఈ పద్ధతిలోనే.

అనంతపురం 1882లో ప్రత్యేక జిల్లా అయింది. అంతకు ముందు బళ్లారి జిల్లాలో భాగం. అప్పటి బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో జిల్లాలోని బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపారు. జిల్లాలో 533 బడులు ఉన్నాయని, అందులో 226 తెలుగు బడులని లెక్క చెప్పారు. బడికి సగటున పన్నెండు మంది పిల్లలు. చిన్న తరగతుల పిల్లలకు పెద్ద తరగతుల పిల్లలు చెప్పేవారు. పై తరగతులను అయ్యవారు స్వయంగా చూసుకునేవారు. పిల్లలే పిల్లలకు చెప్పే ఈ ఏర్పాటు మెచ్చుకోదగినదని, ఇంగ్లండులోనూ అనుకరించదగినదని ఆ కలెక్టరు రాశారు. అంతకు ముందే, 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు ఇదే రీతిలో పిల్లల చేత పిల్లలకు చెప్పించాడు. 1797లో లండనులో దాని మీద పుస్తకం వేశాడు. ఆ పద్ధతికి అక్కడ మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ మరో మాట కూడా రాశారు. బీదరికం వల్ల జనం పిల్లలను చదివించలేకపోతున్నారని, లేత వయసులోనే వారిని పనిలో పెట్టుకోవలసి వస్తోందని. రెండు వందల ఏళ్లు గడిచినా ఈ మాట మన పల్లెలకు పూర్తిగా పాతబడలేదు. లెక్కల్లో 35 మార్కులు రాలేదంటే మగపిల్లవాడు కూలికి పోతాడు. ఆడపిల్ల అయితే ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నా ఒకసారి బడి మానిన పిల్లలు తిరిగి పుస్తకం పట్టడం కష్టం.

ఎలా చదవాలి?

నలుగురు, మహా అయితే ఐదుగురు చాలు. పదిమంది చేరితే అది సంత అవుతుంది. వేళ ఒకటి నిర్ణయించుకోవాలి. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు అనుకుంటే అందరూ ఆ వేళకే రావాలి, ఆ వేళకే లేవాలి. సెల్‌ఫోన్లు ఇళ్లలోనే ఉండాలి.

లెక్కలు ముందుగా ఎవరికి వారు చేసుకుని రావాలి. కలిశాక జవాబులు సరిచూసుకోవాలి. జవాబు తప్పిన పిల్లవాడు పక్కవాడి నోటుపుస్తకం చూసి రాసుకుంటే ఉపయోగం లేదు. ఎక్కడ తప్పాడో చెప్పించుకుని మళ్లీ తానే చేయాలి. 1970లలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే లెక్కల అధ్యాపకుడు గమనించింది ఇదే. చైనా సంతతి విద్యార్థులు లెక్కలు ముందు విడిగా చేసుకుని, తరువాత కలిసి సరిచూసుకుని బాగా పైకి వచ్చారు. నల్లజాతి విద్యార్థులు ఎంతో కష్టపడి చదివినా ఎవరికి వారు ఒంటరిగా చదివి వెనుకబడ్డారు. వారిని కూడా జట్లుగా కూర్చోబెట్టి కఠినమైన లెక్కలు చేయించగా మంచి ఫలితాలు వచ్చాయి.

సాంఘికం, సామాన్య శాస్త్రం వంటి వాటికి ఒకరు పుస్తకం పట్టుకుని ప్రశ్న అడగాలి. మిగిలినవారు పుస్తకం మూసి చెప్పాలి. అదే పాఠాన్ని పదిసార్లు పైకి చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది గానీ నిలవదు. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రకటించిన పరిశోధన ఈ సంగతి చూపించింది. పాఠాన్ని రెండోసారి చదివినవారికి అయిదు నిమిషాల తరువాత ఎక్కువే గుర్తుంది. వారం తరువాత చూస్తే వారికి 42 శాతమే గుర్తుంది. ఒకసారి చదివి, తరువాత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంది. నలుగురు కూర్చుంటే ఒకరినొకరు అడగడం సులువు. కలిసి చదవడంలోని అసలు లాభం ఇదే.

బాగా చదివే పిల్లల తల్లిదండ్రులకు ఒక భయం ఉంది. మందబుద్ధులకు చెబుతూ కూర్చుంటే మావాడు వెనుకబడతాడని. ఈ భయం అక్కరలేదు. ఒక లెక్క ఎందుకు అలా వచ్చిందో తోటివాడికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తనకు పూర్తిగా అర్థం కావాలి. చెప్పేటప్పుడే తనలోని లోపమూ బయటపడుతుంది. అన్నట్టు, లెక్క రాని ప్రతివాడూ మందబుద్ధి కాడు. చెప్పేవారు లేక ఆగిపోయిన వాళ్లే ఎక్కువ.

ఊరి పెద్దలు చేయవలసింది

ఇంత చెప్పినా పిల్లలు ఎక్కడ కూర్చోవాలన్నది ప్రశ్న. ఒక్క గది ఇంట్లో, టీవీ మోగుతుండగా నలుగురు కూర్చోలేరు. గుడి దగ్గరి రచ్చకట్ట మీద అందరి పిల్లలూ సమానంగా కూర్చోగలరా అన్నది ఊరివారు తమ మనసును అడగవలసిన మాట. ఎస్సీ కాలనీ పిల్లలు, ఊళ్లోని పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే చోటు బడి. అందుకే సాయంత్రాలు బడి వరండా పిల్లలకు అప్పగించడం మేలు. బడి దూరమైతే గ్రంథాలయమో, పంచాయతీ గదో చూడాలి. దీపం, తాగునీరు, రోజుకొక పెద్ద మనిషి కాపలా ఉంటే చాలు. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు.

ఆడపిల్లల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. 1823 నాటి లెక్కలో బళ్లారి జిల్లా మొత్తం 6,641 మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మందే. ఈ రోజు ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా బడికి పోతున్నారు. కానీ పొద్దుగూకితే ఇల్లు దాటనివ్వరు. ఆ వేళకు వారికి వంటపని, అంట్లపని సిద్ధంగా ఉంటాయి. పరీక్షలు అయ్యేదాకా ఆ పని మిగిలినవారు పంచుకోవాలి. నలుగురు ఆడపిల్లలు వారిలో ఒకరి ఇంట్లో, ఆ ఇంటి తల్లి కళ్లెదుట కూర్చుని చదువుకోవచ్చు. చీకటి పడితే ఇళ్లకు చేర్చే బాధ్యత తండ్రులు వంతులవారీగా తీసుకోవాలి.

సర్పంచులు, ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులు ఈ వారంలోనే ఒకసారి కూర్చుని చోటు, వేళ, కాపలా నిర్ణయిస్తే పిల్లలకు ఇంకా యాభై సాయంత్రాలకు పైగా దక్కుతాయి. ఫలితాలు వచ్చిన రోజున పిల్లలను తిట్టి ప్రయోజనం లేదు. చేయగలిగింది ఇప్పుడే చేయాలి.