నేల కింద చూడకుండా ఓసీ ఇవ్వొద్దు

విశాఖలో మధురవాడ, ఎండాడ చుట్టుపక్కల కొండవాలుల్లో లేఅవుట్లు చాలావరకు ఒకే పద్ధతిలో పడుతున్నాయి. పొక్లెయిన్‌తో ఎగువన కొండను తొలుస్తారు, ఆ మట్టినే దిగువకు నెట్టి చదును చేస్తారు. అక్కడ లేచే ఇల్లు వెనక సగం తొలిచిన గట్టి నేల మీద, ముందు సగం పోసిన మట్టిలో నిలబెట్టిన పిల్లర్ల మీద ఆనుతుంది. గచ్చుకూ వాలుకూ మధ్య మిగిలిన ఖాళీని చుట్టూ ఇటుక గోడతో మూసి రంగు వేసేస్తారు. ఇల్లు నిలుస్తుందా, కుంగుతుందా తేల్చేది ఆ చీకటి జాగాయే. కొనేవారు గానీ, అప్పిచ్చే బ్యాంకు గానీ, నగర కార్పొరేషన్ (జీవీఎంసీ) గానీ అందులోకి తొంగిచూడరు. నిటారు వాలులో కట్టిన ఏ కొత్త ఇంటికైనా, అర్హత గల స్ట్రక్చరల్ ఇంజినీరు కిందికి దిగి చూసి సంతకం పెట్టేదాకా జీవీఎంసీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) ఇవ్వకూడదు.

ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ రాయి. ఎండకూ వానకూ మెత్తబడి ఎర్రటి బంకమట్టిగా మారే గుణం దానిది. అలాంటి మట్టిని పొరలుగా రోలర్‌తో తొక్కించకుండా టిప్పర్ల కొద్దీ గుమ్మరిస్తే నాలుగు వానలకు కుంగక మానదు. హాల్లో కూర్చున్నవారికి ఆ సంగతి గోడ పగిలాక తెలుస్తుంది. కిందికి దిగినవారికి ముందే తెలుస్తుంది. ప్లింత్ బీమ్ కింద చెయ్యి పట్టేంత సందు, మట్టి కోసుకుపోయి బయటపడిన ఫుటింగ్, ఉప్పుగాలికి చువ్వలు తుప్పెక్కి పెచ్చులూడిన పిల్లరు, డాబా నీళ్లను నేరుగా పునాది పక్కన వదిలే పైపు, ఇవన్నీ టార్చిలైటు వెలుగులో కనబడేవే. ఇంకుడు గుంత సంగతి వేరే చెప్పాలి. చదును నేలలో మేలు చేసే నిబంధన అది. పోసిన మట్టి మీద, ఇంటికి ఎగువన తవ్వితే మాత్రం ఆ నీళ్లు పునాదిలోకే దారి వెతుక్కుంటాయి. నిబంధనలు రాసేవారికి కొండలు కనబడవు కాబోలు!

కొత్త కట్టడమేగా, భయం దేనికన్న మాట సింహాచలంలోనే కూలిపోయింది. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాటి తెల్లవారుజామున, భారీ వానకు, కొద్ది రోజుల ముందే కట్టిన గోడ క్యూలైన్‌పై పడి ఏడుగురు భక్తులు చనిపోయారు. వెనక మట్టిలో చేరిన నీటికి బయటకు దారి లేకపోతే ఆ ఒత్తిడంతా గోడే మోయాలి. రిటైనింగ్ వాల్‌కు వీప్ హోల్స్ వదిలేది అందుకే. ప్లాస్టరింగ్‌లో వాటిని సిమెంటుతో కప్పేసే మేస్త్రీలున్నారు, మరకలు పడుతున్నాయని దగ్గరుండి మూయించే యజమానులూ ఉన్నారు.

నిర్మాణ లోపాలకు రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ఐదేళ్ల పూచీ పెట్టింది, నిజమే. అయితే 500 చదరపు మీటర్ల లోపు స్థలాలకు, ఎనిమిది ఫ్లాట్ల లోపు ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. వాలుల్లో విడివిడిగా కట్టి అమ్మే ఇళ్లు ఈ సందులోంచే తప్పించుకుంటున్నాయి.

కొనేవారి తీరూ అలాగే ఉంది. అమెరికాలోని సియాటిల్ శివారు కొండల్లో ఇల్లు కొనే మనవాళ్లు సాధారణంగా ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకుంటారు. అతడు గచ్చు కింది ఖాళీలో (క్రాల్‌స్పేస్‌లో) పాకి తీసిన ఫోటోలు చూశాకే ముందుకెళ్తారు. అదే మనవాళ్లు అమ్మానాన్నల కోసం ఇక్కడ విల్లా కొనాల్సి వస్తే ఎలివేషన్ వీడియో చూసి అడ్వాన్స్ పంపేస్తారు.

ఇంకో సంతకమంటే ఇంకో లంచమేనని బిల్డర్లు అంటారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే తనిఖీ చేసే ఇంజినీరును బిల్డరు ఎంచుకోకూడదు, టౌన్‌ప్లానింగ్ సిబ్బందీ ఎంచుకోకూడదు. అర్హులైన ఇంజినీర్ల ప్యానెల్ నుంచి లాటరీలో రావాలి. ఫీజు బిల్డరు కట్టాలి, ఫోటోలతో సహా నివేదిక సేల్ డీడ్‌కు ముందే కొనేవారి చేతికి అందాలి. మొదటి వానాకాలం గడిచాక రెండోసారి చూడాలి, అప్పటిదాకా బిల్డరు డిపాజిట్ కార్పొరేషన్ దగ్గరే ఉండాలి. అనుమతుల్లో స్వీయ ధ్రువీకరణ చదును నేలకు సరే, వాలుకు వద్దు. గచ్చు కిందికి మనిషి దూరే తలుపు చూపని ప్లాన్‌ను తిప్పి పంపాలి. ఇప్పటికే కాపురాలున్న వాలు కాలనీల్లో ఈ తనిఖీని నైరుతి వానలకు ముందే, కార్పొరేషన్ ఖర్చుతో మొదలుపెట్టాలి.